నిన్నటి సంచి

మామూలు రోజుల్లో పట్టించుకోను గానీ, ఆషాఢపు గాలి మొదలయ్యాక మా ఇంట్లో వాక్యూమ్ క్లీనర్ మీట నొక్కిన ప్రతిసారీ దాని చప్పుడు వెనకే ఒక వాసన నన్ను చేరుతుంది. వేడెక్కిన రబ్బరు, ఎండి పిండైన ఎర్రమట్టి, వాటి అడుగున వేరుశనగ పొట్టు మాడినట్టుండే సన్నని చేదు. మోటారు వెనకనున్న స్పాంజి ఫిల్టరులో పాత ధూళి చిక్కుకుని ఉంటుందని ఊహించి, ఒకసారి దాన్ని మార్చి చూశాను. వాసన తగ్గింది గానీ పోలేదు. నా ఊహ సగమే నిజమని ఒప్పుకున్నాను. ఈ మిషను నేను కొన్నది కాదు. నాకు చదువు చెప్పి, దేన్ని ఎలా చూడాలో నేర్పి, ఈనాటికీ నేను పూర్తిగా క్షమించలేకపోయిన ఒక మనిషి దీన్ని కొన్నారు.

ఆమె గురించి రాసేముందు నాకు తెలిసినదాన్నీ, నేను విన్నదాన్నీ వేరు చేయాలి. తెలిసినవి ఇవి. ఆమె పేరు సత్యవతి. అనంతపురంలో ఒక డిగ్రీ కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పేవారు. పెళ్లి చేసుకోలేదు. చెల్లెలు పద్మావతితో కలిసి ఊరి చివర, వేరుశనగకాయలు ఒలిచే మిల్లు పక్కన, సొంత ఇంట్లో ఉండేవారు. ఈ మిషను ఆ చెల్లెలి కోసమే కొన్నారు. ఇవన్నీ నేను చూసినవి. విన్నవి వేరే ఉన్నాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో కళాశాల తూనికరాళ్లు తప్పని నిరూపించి ప్రిన్సిపాలు చేత ఒప్పించారని ఆమె శిష్యులు చెప్పేవారు. ఆమె వీధి మలుపు తిరగగానే ఒక దుకాణదారు షట్టరు దించేసేవాడని ఆమె అంటే గిట్టనివారు చెప్పేవారు. పద్మావతి దుమ్ము వల్లే పోయిందని మాత్రం వీధి మొత్తం చెప్పేది. మొదటి రెండింటిని విన్నవాటిలో వేసి ఊరుకోగలను. మూడోదాన్ని ఎటువైపు వేయాలో నాకు ఇప్పటికీ తెలియదు.

నేను కుందుర్పి దగ్గరి పల్లె నుంచి పై చదువుకని వచ్చి వాళ్ల మిద్దె మీది గదిలో అద్దెకు దిగాను. సామాను దించుతుండగా నాతో మొదట మాట్లాడింది పద్మావతే. అందరికీ ఆమె పద్దక్క. సన్నగా, పొట్టిగా, చేతిలో ఎప్పుడూ ఏదో ఒక పనితో ఉండేది. "మా అక్కతో జాగ్రత్త పాపా," అంది. "రేపు పొద్దు పొడుస్తాదని చెప్పినా, రేపు చూద్దాంలే అంటాది." లోపలి గదిలోంచి సత్యవతి మేడం, కళ్లజోడు దించకుండానే, అందులో తప్పేముందని అడిగారు. అక్కాచెల్లెళ్లిద్దరూ నవ్వారు. ఆ ఇంట్లో ఆ నవ్వు నిజమైనదే. ఇది కూడా నేను చూసినదే గనక రాయాలి.

మేడం పద్ధతి ఎలాంటిదో నాకు ఒక వేసవిలో పూర్తిగా అర్థమైంది. మా నాయన చేనులో బోరు వేయించాలనుకున్నాడు. మా ప్రాంతంలో దానికి ముందు నీళ్లు చూసే మనిషిని పిలవడం వాడుక. అతడు అరచేతిలో టెంకాయను అడ్డంగా పెట్టుకుని చేనంతా నడుస్తాడు. ఎక్కడ టెంకాయ లేచి నిలబడితే అక్కడ నీళ్లున్నాయని లెక్క. ఈ సంగతి నేను ఇంట్లో నవ్వుతూ చెప్పాను. మేడం నవ్వలేదు. "నవ్వేదానికి ముందు చూడల్ల గదా," అని, సెలవు పెట్టి, నాతోపాటు కుందుర్పి బస్సెక్కారు. చేనులో ఆ మనిషి నడిచి గట్టు పక్కన ఒక చోటు చూపించాక, ఆమె ఎంతో మర్యాదగా, కళ్లకు గుడ్డ కట్టుకుని ఇంకొకసారి నడుస్తావా అన్నా అని అడిగారు. అతడు వెంటనే ఒప్పుకున్నాడు. గుడ్డ కట్టి, నిలబడ్డ చోటే కాసేపు అటూ ఇటూ తిప్పి వదిలితే టెంకాయ ఇంకెక్కడో లేచింది. మళ్లీ తిప్పితే మరింకెక్కడో లేచింది. మా నాయనకు కోపం వచ్చింది. "కండ్లకు గుడ్డ కడితే నువ్వన్నా పాఠం చెప్తావా మేడమ్మా?" అన్నాడు. అది మంచి ప్రశ్నేనని ఆమె ఒప్పుకున్నారు.

ఆ మనిషి మొదట చూపించిన చోటే నాయన బోరు వేయించాడు. నీళ్లు పడ్డాయి. ఊరంతా మేడం పేరు చెప్పుకుని నవ్వింది. మరుసటి వేసవికి ఆ బోరు ఎండిపోయింది. నీళ్లు పడ్డందుకు నాయన టెంకాయను నమ్మాడు. ఎండినందుకు అది వట్టిదేనని నేను తేల్చేశాను. మేడం మా ఇద్దరినీ ఒప్పుకోలేదు. "ఒక్క బోరుతో ఏం తేలతాది?" అన్నారు. నా జీవితంలో అంతకంటే గట్టి పాఠం నాకెవరూ చెప్పలేదు. మనకు అనుకూలంగా వచ్చిన ఫలితాన్ని కూడా అనుమానించాలని ఆ రోజు తెలిసింది. తర్వాత నేను నీటి పరీక్షల ప్రయోగశాలలో ఉద్యోగంలో చేరి, బోరునీళ్లలో ఫ్లోరైడు ఎంతో తేల్చే పనిలో పడ్డాను. అక్కడ ఆ వాక్యం నన్ను ఎన్ని తప్పుల నుంచి కాపాడిందో చెప్పలేను. అదే వాక్యాన్ని ఇంకొకసారి, ఇంకొక సందర్భంలో విన్నాను. దాని కోసమే ఇదంతా రాస్తున్నాను.

ఆ ఇంటి సంగతి చెప్పాలి. నేల తాడిపత్రి బండలు. కిటికీలు పడమటికి. ఆషాఢంలో గాలి పడమటి కొండల మీది గాలిమరలను తిప్పి, దున్ని వదిలిన చేల మీది మట్టినంతా లేపుకుని, దారిలో మిల్లు పొట్టును కూడా కలుపుకుని నేరుగా ఆ కిటికీల్లోకి వచ్చేది. తలుపులు మూసినా సందుల్లోంచి దిగేది. పొద్దున లేచేసరికి బండల మీద కాళ్ల గుర్తులు పడేటంత పరుచుకుని ఉండేది. మామూలుగా మా వైపు ఆడవాళ్లు నీళ్లు చిలకరించి, దుమ్ము అణిగాక కసువు ఊడుస్తారు. కానీ ఆ వీధికి కుళాయి నీళ్లు వచ్చేదే ఎప్పుడో ఒకసారి. తాగడానికీ వంటకీ పట్టి దాచుకున్న నీళ్లను నేల మీద చల్లడానికి పద్దక్కకు మనసొప్పేది కాదు. అందుకని వట్టి నేలనే ఊడ్చేది. చీపురు పరక కదిలినప్పుడల్లా ఆమె నడుము దాకా ఎర్రటి పొగ లేచేది. ఊడ్చడం అయ్యాక గడప మీద కూర్చుని, తలుపు చెక్క పట్టుకుని, ఊపిరి కోసం కాసేపు వంగి ఉండేది. తర్వాత లేచి కాఫీ పెట్టేది.

డాక్టరు చూసి, దుమ్ము పడనట్టుంది, దుమ్ముకు దూరంగా ఉంచి చూడండి అన్నాడు. పీల్చే మందు రాసిచ్చాడు. దుమ్మేనని ఎలా చెప్పగలరని మేడం అడిగారు. అతడు నొచ్చుకోకుండా, అనుమానమేనని, దూరంగా ఉంచితేనే తెలుస్తుందని చెప్పాడు. ఆ జవాబు ఆమెకు నచ్చింది. ఇంటికి వచ్చాక పద్దక్కకు ఊపిరి ఆడకుండా చేసేవి ఏవేవి కావచ్చో ఆలోచించారు. వంటింట్లో మిరపకాయలు వేయించే ఘాటు కావచ్చు. బూరుగదూది దిండ్లు కావచ్చు. మిల్లు పొట్టు కావచ్చు. ఊడ్చేటప్పుడు లేచే మట్టి కావచ్చు. ఆమె వీటిలో దేన్నీ కాదనలేదు, దేన్నీ అవుననలేదు. ఒక్కొక్కటే మార్చి చూద్దామన్నారు.

ముందు మిరపకాయలు వేయించడం ఆపించారు. చలికాలమంతా అలా గడిచింది. దగ్గు తగ్గలేదు. తర్వాత దిండ్లు మార్చారు. అదీ కొన్ని వారాలు నడిచింది. అంతకాలమూ పద్దక్క ప్రతి ఉదయం అదే పరకతో, అదే వట్టి నేలను ఊడ్చింది. పనిమనిషిని పెట్టుకుందామని నేను అంటే మేడం వద్దన్నారు. డబ్బు గురించి కాదు. ఊడ్చే మనిషి మారితే అది ఇంకొక మార్పు అవుతుంది. దిండు వల్ల తగ్గిందో, ఊడ్చకపోవడం వల్ల తగ్గిందో తెలియకుండా పోతుంది. ఒకనాడు నేను ఉండబట్టలేక, అన్నీ ఒకేసారి మార్చేద్దాం మేడం అన్నాను. ఆమె నన్ను తరగతిలో చూసినట్టు చూశారు.

"ఒకేసారి నాలుగు మారిస్తే, ఏది పని చేసిందో ఎట్ల తెలుస్తాది పాపా?"

వంటింట్లోంచి పద్దక్క గొంతు వచ్చింది. "నన్ను నయం జేస్తావా, నా దగ్గును చదువుకుంటావా, ముందు అది తేల్చుకో అక్కా."

కానీ మేడం రాతిమనిషి కాదు. మందులు అయిపోకముందే తెచ్చిపెట్టేవారు. ఆసుపత్రిలో తన వంతు కోసం పద్దక్క కూర్చున్నప్పుడు పక్కన నిలబడి విసనకర్రతో విసిరేవారు. చెల్లెలంటే ఆమెకు ప్రాణం. ప్రేమ లేని మనిషైతే నాకు ఇంత కోపం ఉండేది కాదు.

శివరాత్రి వెళ్లాక దుమ్ము వంతు వచ్చింది. ఊడ్చే పని పూర్తిగా మాన్పించి మిషనుతో లాగించాలని నిర్ణయించుకున్నారు. ఆ కొనుగోలు ఎలా సాగిందో నేను చూశాను. ఇల్లు శుభ్రం చేసే యంత్రాన్ని అంతకంటే బాగా ఎంచుకున్న మనిషిని నేను ఎరగను.

మొదట గడియారస్తంభం దగ్గర ఒక పెద్ద దుకాణానికి వెళ్లాం. కుర్రవాడు కాదు, యజమానే స్వయంగా చూపించాడు. సంచి లేని మిషను అది. దుమ్మంతా గాజులాంటి డబ్బాలో పడుతుంది. సంచులు కొనే బాధ లేదు, నిండితే దులుపుకుని కడుక్కుంటే చాలు అని చెప్పాడు. మేడం తన చేతిసంచిలోంచి చిన్న టిఫిన్ డబ్బా తీశారు. అందులో ముగ్గుపిండి ఉంది. దాన్ని నేల మీద పోసి, లాగమన్నారు. మిషను శుభ్రంగా లాగింది. యజమాని సంతోషించాడు. ఇప్పుడు డబ్బా తీసి దులపమన్నారు. అతడు మూత తిప్పి చెత్తబుట్ట మీద వంచగానే తెల్లటి మబ్బు లేచి అతడి మీసాల మీద పడింది. అతడు దగ్గడం పూర్తయ్యేదాకా ఆమె ఆగారు.

"నేల మీద ఉన్నింది నీ ముక్కులోకి వచ్చింది, అంతే గదా నాయనా?"

తర్వాత అతడు ఇంకొకటి చూపించి, ఇది ఎన్ని వాట్లో చూడండి మేడం అని పెట్టె మీది అంకె చూపించాడు. ఆమె ఆ అంకెను చేత్తో మూసేశారు. "ఎద్దు ఎంత మేస్తాదో చెప్తాండావు. ఎంత దున్నుతాదో అడిగినా నేను," అన్నారు. అతడికి కోపం వచ్చింది. ఆ వాక్యాన్ని నేను ఇప్పటికీ దుకాణాల్లో వాడుతుంటాను.

ఆ తర్వాత సంచి ఉన్నవే చూశాం. సంచి ఉంటే నిండాక దాని మూతిని మూసి, దుమ్ము ఎగరకుండా సంచితో సహా పారేయవచ్చు. కానీ సంచి ఉన్నంత మాత్రాన ఆమె ఒప్పుకోలేదు. గాలి బయటికి వచ్చే చోట తడిపిన నల్లగుడ్డ కట్టి ముగ్గుపిండి లాగించేవారు. గుడ్డ మీద తెల్లమచ్చ కనిపిస్తే ఆ మిషను పనికిరానట్టే. ఒట్టి కాగితపు సంచుల నుంచి మచ్చ వచ్చింది. గుడ్డలా మెత్తగా, పొరలు పొరలుగా ఉన్న సంచులు మచ్చ రానివ్వలేదు. సంచి పెట్టకుండా మూత వేసి చూసేవారు. మూత పడిందంటే, ఎవరైనా మరచిపోయి నడిపినప్పుడు దుమ్ము నేరుగా మోటారులోకి పోతుందన్నమాట. మూత పడనివే మంచివి. గొట్టం కీలు దగ్గర వంచి చూసేవారు. చక్రాలు రబ్బరువో కావో గోటితో గీకేవారు. మోటారులో అరిగే కార్బన్ ముక్కలను విడిగా మార్చవచ్చా, మోటారు మొత్తం మార్చాలా అని అడిగేవారు. దీనికి ఎక్కువమంది దుకాణదారుల దగ్గర జవాబు లేదు.

అన్నింటికంటే ఆమె పట్టుపట్టింది ఇంకొక సంగతి మీద. సంచులు దొరకకపోతే ఎంత గట్టి మిషనైనా మూలకు చేరాల్సిందే. ఆమెకు ఇది బాగా తెలుసు. మా వైపు దేన్నీ పారేయరు. సంచి నిండితే అడుగు కత్తిరించి, దులిపి, కుట్టి మళ్లీ పెడతారు. మిల్లు యజమాని ఇంట్లో అలాగే చేస్తారని పద్దక్క చెప్పింది. దులిపేది మళ్లీ ఆడమనిషే. ఆ దుమ్మంతా మళ్లీ ఆమె ముక్కులోకే. అందుకని సంచులు ఎప్పటికీ దొరకాలి. దొరుకుతాయని ప్రతి దుకాణంలోనూ మాటిచ్చారు. మేడం ఆ మాటను లెక్కలోకి తీసుకోలేదు. ఆ దుకాణంలో ఏనాడో అమ్మి, ఇప్పుడు తయారీ ఆగిపోయిన పాత మిషనుకు సంచి ఇవ్వమని అడిగేవారు. లేదంటే బయటికి వచ్చేసేవారు.

"రేపటి మాట అడిగితే ఎవురైనా అబద్ధం చెప్తారు," అన్నారు నాతో మెట్లు దిగుతూ. "నిన్నటి సంచి అడుగు. అది ఉంటే ఉండాది, లేకుంటే లేదు."

అనంతపురంలో నిన్నటి సంచి ఎవరి దగ్గరా దొరకలేదు. కదిరిలో బంధువుల ద్వారా విచారించారు. అక్కడా లేదు. ఎండాకాలం నడుస్తోంది. పద్దక్క ఊడుస్తోంది. ఏదో ఒకటి ముందు కొందాం, తర్వాత మంచిది చూద్దామని నేను మళ్లీ అన్నాను. ఆమె చాలా ఓపికగా వివరించారు. దుమ్ము కారే మిషను కొంటే పద్దకు తగ్గదు. తగ్గకపోతే దుమ్ము కారణం కాదని మనం తప్పుగా నమ్ముతాం. నమ్మి ఇంకొక దాని వెంట పడతాం. తప్పు మిషను కొనడమంటే తప్పు జవాబు కొనడమే. ఆ తర్కంలో ఎక్కడా సందు లేదు. నేను ఎన్నిసార్లు తిరగేసి చూసినా ఇప్పటికీ దొరకలేదు. దాన్నంతా విన్న పద్దక్క, పరక గోడకు ఆనించి, "అయితే మంచి మిషనే దొరకనీలే అక్కా. నేను యాడికి పోతా, ఈడనే ఉంటా గదా," అంది. వెక్కిరించిందో ఓదార్చిందో చెప్పడం కష్టం. ఆమె రెండూ ఒకే గొంతుతో చేసేది.

చివరికి బెంగుళూరులో ఒక పాత దుకాణంలో నిన్నటి సంచి దొరికింది. ఎన్నడో ఆగిపోయిన మిషనుకు, దుమ్ముపట్టిన అట్టపెట్టెలో, విప్పని కట్టగా. ఆ కట్టను చూసి మేడం ముఖంలో వచ్చిన వెలుగు నేను అంతకుముందు ఒక్కసారే చూశాను, తరగతిలో ఒక ప్రయోగం మొదటిసారి సరిగ్గా వచ్చినప్పుడు. అదే కంపెనీ మిషను కొని, ఒక పెట్టె నిండా సంచులు తీసుకుని, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. అప్పటికి ఆషాఢం సగం గడిచింది.

అప్పటికి పద్దక్క పడుకుని నిద్రపోవడం మానేసింది. గోడకు ఆనుకుని, ఒళ్లో దిండు పెట్టుకుని, దాని మీదికి వంగి నిద్రపోయేది. మిషను నేనే నడిపాను. ఊడ్చే మనిషి మారడం మీద మేడం ఈసారి ఏమీ అనలేదు. గొట్టం బండల సందుల్లోంచి ఎర్రమట్టిని లాగుతుంటే, గాలి బయటికి వచ్చే చోట మేడం అరచేయి పెట్టి, తర్వాత ఆ చేతిని వెలుతురులో చూసుకున్నారు. శుభ్రంగా ఉంది. పద్దక్క మంచం మీద నుంచి అంతా చూసింది. మిషను ఆపాక, "ఇంత సద్దు జేస్తాదా ఇది? దీనికన్నా నా దగ్గే మేలు గదప్పా," అంది. నేను నవ్వాను. మేడం కూడా నవ్వారు.

రెండో రోజో మూడో రోజో సాయంత్రం పద్దక్క మెల్లగా మంచం దిగి, గడప దాకా నడిచి వచ్చింది. అంతకుముందు వారంలో ఆమె అంత దూరం నడవలేదు. గడప మీద కూర్చుని, "ఈపొద్దు ఊపిరి ఆడతాండాది అక్కా," అంది. అక్క ముఖం వైపే చూస్తూ అంది. ఆ మాటకు ఒక జవాబు కావాలని ఎవరికైనా తెలిసేది.

"ఒక్క పూటతో ఏం తేలతాది?" అన్నారు మేడం.

పద్దక్క తల ఊపింది. ఆ వారంలోనే ఒక ఉదయం, గాలి విపరీతంగా ఉన్న రోజు, ఊపిరి అందక ఆసుపత్రికి తీసుకుపోయాం. తిరిగి తెచ్చింది ఆమె దేహాన్నే.

దేహం ఇల్లు కదిలాక ఇల్లు కడగాలి. మాలో అది తప్పనిసరి. ఆ రోజు కుళాయి రాలేదు. కదిరి నుంచి వచ్చిన వాళ్ల పెదనాయన కొడుకు రామాంజి, ఆడవాళ్లు బిందెలు పట్టుకుని నిలబడి ఉండగా, నీళ్ల ట్యాంకరు కోసం ఎవరెవరికో ఫోన్లు చేస్తున్నాడు. లోపల మిషను చప్పుడు వినిపించింది. వెళ్లి చూస్తే మేడం, తలకు పోసుకోవాల్సిన సమయంలో, చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, పద్దక్క మంచం కింద గొట్టంతో లాగుతున్నారు. బంధువులు గుమ్మం దగ్గర ఆగిపోయారు. రామాంజి ముందుకు వచ్చాడు.

"ఏమక్కా ఇది? కడగాల్సిన ఇంట్లో మిషన్ తిప్పుతాండావు? మనిషి పోయిన ఇల్లు ఇది."

"నీళ్లు యాడుండాయిరా?" అన్నారు మేడం, తల ఎత్తకుండానే. "వచ్చేలోపల దుమ్మన్నా లేకుండా చేస్తా."

"బతికున్నప్పుడు చేసింటే బాగుండు," అన్నాడు రామాంజి.

మేడం మంచం కింద పూర్తిచేసి, గోడ అంచు వెంట లాగి, మిషను ఆపారు. మూత తీసి, సంచి బయటికి తీసి, దాని మూతిని బొటనవేలితో గట్టిగా నొక్కి మూశారు. నా చేతికిచ్చి, ఎగరనీకుండా పారెయ్యమన్నారు. అది బరువుగా, ఇంకా వెచ్చగా ఉంది. ఆమె మూతి మూసేలోపలే లోపలికి ఒక్కసారి చూశాను. ఎర్రమట్టి, వేరుశనగకాయల పొట్టు, వాటిలో చిక్కుకుని పొడుగాటి నెరిసిన వెంట్రుకలు.

కర్మ అయిపోయాక ఒక సాయంత్రం మిద్దె మీద ఆమె ఒంటరిగా కూర్చుని ఉంటే నేను నేరుగా అడిగాను. దుమ్మేనా మేడం?

"తెలీదు పాపా," అన్నారు. మళ్లీ ఆమే, "తేల్చేదానికి పద్ద లేదు గదా ఇప్పుడు," అన్నారు.

ఆ వాక్యం కూడా సరైనదే. ఆ ఇంట్లో నేను విన్న వాక్యాల్లో తప్పు వాక్యం ఒక్కటీ లేదు. ఒక మనిషి ఊపిరికి గడువు ఉంటుందన్నది మాత్రం ఆ తర్కంలో ఎక్కడా చేరలేదు. ప్రయోగశాలలో నీళ్ల సీసా ఆగుతుంది. మూత బిగించి అలమరలో పెడితే నెల తర్వాత కూడా దాని ఫ్లోరైడు దానిలోనే ఉంటుంది. మనిషి అలా ఆగడు. ఇంత చిన్న సంగతి అంత పెద్ద బుర్రకు తట్టలేదా, తట్టి పక్కన పెట్టిందా అని నేను చాలాకాలం రగిలిపోయాను. ఉద్యోగం దొరకగానే ఆ గది ఖాళీ చేశాను.

తర్వాతి సంవత్సరాల్లో అప్పుడప్పుడు వెళ్లి చూసి వచ్చేదాన్ని. రోజూ ఉదయం ఆమే మిషను నడుపుకునేవారు. ఆమెకు దగ్గు ఎప్పుడూ లేదు. పద్దక్క మాట మా మధ్య ఎప్పుడూ రాలేదు. చేతులు వణకడం మొదలయ్యాక నన్ను పిలిపించి, మిషనునూ మిగిలిన సంచుల పెట్టెనూ తీసుకుపొమ్మన్నారు. ఆటోలో పెట్టించేటప్పుడు గొట్టం ఎక్కడ వంచకూడదో, కార్బన్ ముక్కలు ఎప్పుడు చూసుకోవాలో చెప్పారు. ఇంకేదో చెబుతారని నేను కాసేపు నిలబడ్డాను. "జాగ్రత్త, మూత గట్టిగా మూసుకో," అన్నారు. ఆ శీతాకాలంలో పోయారు.

మిషను ఇప్పటికీ పనిచేస్తోంది. గొట్టం ఒకసారి, కార్బన్ ముక్కలు ఒకసారి మార్చాను. ఆమె ఇచ్చిన సంచులు ఎప్పుడో అయిపోయాయి. బెంగుళూరు దుకాణంలో అడిగితే అట్టపెట్టెలోంచి తీసి ఇచ్చారు. ఆమె ఎంపిక సరైనదని ఇన్నేళ్లుగా ప్రతి నెలా రుజువవుతూనే ఉంది. ఎవరైనా నన్ను సలహా అడిగితే ఆమె చెప్పినవే చెబుతాను. వాట్లు చూడొద్దు, నల్లగుడ్డ కట్టి చూడు, సంచి లేకుండా మూత పడితే కొనొద్దు, నిన్నటి సంచి అడుగు. ఎవరు చెప్పారని అడిగితే మా మేడం అంటాను. అంతకుమించి చెప్పను.

పోయిన ఆషాఢంలో మూడో తరగతి చదివే మా పాప దగ్గడం మొదలుపెట్టింది. ఆట మధ్యలో ఆగి, గోడ పట్టుకుని వంగింది. ఆ వంగడం నేను ఎక్కడ చూశానో నాకు తెలుసు. డాక్టరు మందిచ్చి, దుమ్ము కావచ్చు, దూరంగా ఉంచి చూడండి అన్నాడు. నేను ఆయనను ఏమీ అడగలేదు. మరునాడే పాప గదిలోని దిండ్లూ దుప్పట్లూ మార్చాను. పడమటి కిటికీ సందులకు రబ్బరు పట్టీలు వేయించాను. ట్యాంకరు తెప్పించి నేల తడిగుడ్డతో తుడిపించాను. మిషనుకు కొత్త సంచి, కొత్త ఫిల్టరు వేశాను. వంటింట్లో మిరపకాయలు వేయించడం ఆపాను. మా వీధిలో చెత్త తగలబెట్టేవాళ్లతో గొడవపడి మాన్పించాను. అన్నీ ఒకే వారంలో. నాకు చదువు చెప్పిన మనిషి చూస్తే, ఏ ప్రయోగశాలలోనూ నన్ను అడుగు పెట్టనివ్వరు.

పాపకు తగ్గింది. ఇప్పుడు మళ్లీ ఆషాఢం వచ్చింది. గాలిమరలు తిరుగుతున్నాయి. పాప బయట ఆడుకుంటోంది. ఏది పనిచేసిందో నాకు తెలియదు. దుమ్మేనా అన్న ప్రశ్న నా జీవితంలో రెండుసార్లు వచ్చి, రెండుసార్లూ జవాబు లేకుండానే మిగిలింది. పద్దక్క విషయంలో ఒక్కొక్కటే మార్చినందువల్ల. పాప విషయంలో అన్నీ ఒకేసారి మార్చినందువల్ల. ఇది తేలే మార్గం ఒకటుంది. నేను పెట్టినవాటిని ఒక్కొక్కటే తీసేసి, దేని తర్వాత పాప మళ్లీ గోడ పట్టుకుంటుందో చూడాలి. ఆ పని నేను చేయను. మూత గట్టిగా మూసి, సంచి పారేసి, ఆ ప్రశ్నను ఉన్నచోటే ఉండనిస్తాను.